బడి నీళ్లు: తాగేవి, వాడేవి, వానవి

సాయంత్రం పిల్లలు బడి నుంచి రాగానే సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఒకసారి ఊపి చూడండి. పొద్దున నింపి పంపిన నీళ్లు సగానికి పైగా అలాగే ఉంటే "ఎందుకు తాగలేదు?" అని గదమాయించకండి. "బడిలో ఈరోజు ఒకటికి ఎన్నిసార్లు వెళ్లావు?" అని మెల్లగా అడగండి. చాలా ఇళ్లలో, ముఖ్యంగా ఆడపిల్లలున్న ఇళ్లలో, అసలు సంగతి ఆ జవాబులో బయటపడుతుంది.

పర్యావరణం అంటే మొక్కలు నాటడం, ఆరోగ్యం అంటే ఉదయం వ్యాయామం, ఈ రెండూ వేర్వేరు పీరియడ్లు అనే అలవాటు మన బడులన్నిటిలో ఉంది. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ గీత చెరిగిపోతుంది. పిల్లవాడి కడుపులోకి పోయేది, మరుగుదొడ్డిలో పోసేది, వంటకు వాడేది, మొక్కలకు పట్టేది, అన్నీ ఒకే నేల కింద నుంచో ఒకే పైకప్పు మీద నుంచో రావాలి. "నీళ్లు పొదుపు చెయ్యండి" అని గోడ మీద రాయడం సులభం. ఎక్కడ పొదుపు చెయ్యాలి, ఎక్కడ అస్సలు చెయ్యకూడదు అన్నది గోడ మీద ఎవరూ రాయరు. హోసూరు, కృష్ణగిరి వైపు ఉండే మనకు ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. అది మన రాళ్లలో ఉంది. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

పిల్లలు ఎందుకు తాగరు

ముందు ఎంత తాగాలో చూద్దాం. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఇచ్చిన లెక్క ప్రకారం 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకు రోజుకు 1.6 లీటర్లు, 9 నుంచి 13 ఏళ్ల ఆడపిల్లలకు 1.9 లీటర్లు, మగపిల్లలకు 2.1 లీటర్ల నీరు అందాలి. ఇందులో అన్నం, చారు, మజ్జిగ, పండ్ల ద్వారా వచ్చేది కూడా కలిసే ఉంది. తిండి వాటా తీసేస్తే హైస్కూలు మెట్టెక్కబోయే పిల్లకు లీటరున్నర దాకా తాగాల్సి ఉంటుంది. మెలకువగా ఉండే వేళలో సగం బడిలోనే గడుస్తుంది కాబట్టి కనీసం ముప్పావు లీటరు అక్కడే తాగాలి. ఈ లెక్క వేసింది చల్లని దేశాలకు. మన మార్చి, ఏప్రిల్ ఎండల్లో, ఆటల పీరియడు ఉన్న రోజుల్లో ఇంకా కావాలి.

తాగకపోతే ఏమవుతుంది? మొదట తలనొప్పి, చిరాకు, మధ్యాహ్నం పాఠంలో మగత. టీచరుకు అది బద్ధకంలా కనిపిస్తుంది. కొన్నాళ్లు అలాగే సాగితే మలబద్ధకం వస్తుంది. మూత్రం గంటల తరబడి ఆపుకునే పిల్లల్లో మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. ఆడపిల్లల్లో మూత్రమార్గం పొట్టిగా ఉంటుంది కనుక వాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపు నొప్పి, కారణం తెలియని జ్వరం, మానేసిన పక్కతడుపు అలవాటు మళ్లీ మొదలవడం, వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు చూపించండి. "నీళ్లు తాగితే అదే పోతుంది" అని వారాలు గడపకండి.

పిల్లలకు దప్పిక తెలియక కాదు తాగనిది. తాగితే వెళ్లాలి. వెళ్లాలంటే తలుపు గడియ పడదు, బకెట్లో నీళ్లుండవు, వాసన. పెద్ద పిల్లలకైతే నెలసరి రోజుల్లో వాడిన పాడ్ పారేయడానికి మూతబుట్ట ఉండదు. దానికన్నా తాగకుండా ఉండటమే నయమని ఎనిమిదేళ్ల పిల్ల కూడా తేల్చేసుకుంటుంది. ఆ పిల్ల లెక్క ఆ పిల్లకు సరైనదే. మార్చాల్సింది ఆ మరుగుదొడ్డిని.

అందుకే "నీళ్ల గంట" మంచిదే అయినా అది సగం పనే. 2019లో కేరళ బడుల్లో మొదలైన ఈ పద్ధతి కర్ణాటకకు, 2024 ఎండాకాలంలో ఆంధ్రప్రదేశ్‌కు, ఆ తర్వాత తమిళనాడుకూ వచ్చింది. పాఠం మధ్యలో గంట కొడతారు, అందరూ సీసా తీసి నాలుగు గుక్కలు తాగుతారు. దప్పిక వేసేదాకా ఆగకుండా తాగడం అలవాటవుతుంది. కానీ గంట కొట్టి తాగించి, అరగంట తర్వాత "ఇప్పుడే కదా ఇంటర్వెల్ అయింది, కూర్చో" అంటే పిల్లలు రెండోరోజు నుంచి గుక్క పట్టినట్టు నటిస్తారు. పిల్లల్ని అడిగి చూడండి, ఎంత బాగా నటించవచ్చో చెబుతారు! నీళ్ల గంట ఉన్న బడిలో, అడిగిన పిల్లను బయటికి పంపాలన్న నియమం కూడా ఉండి తీరాలి.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే సురక్షితమైన, చాలినంత తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ విడివిడిగా మరుగుదొడ్లు ఉండాలని రాశారు. 2014లో వచ్చిన స్వచ్ఛ విద్యాలయ మార్గదర్శకాలు సుమారు 40 మంది పిల్లలకు ఒక యూనిట్ చొప్పున ఉండాలంటాయి. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు మార్కుల కాగితం చూసే ముందు ఒక్కసారి ఆ వైపు నడిచి వెళ్లి చూసి రండి. గడియ పడుతోందా, కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయా, చేతులు కడిగే చోట సబ్బు ఉందా. అడగడానికి మొహమాటం వద్దు. ఇది చట్టం ఇచ్చిన హక్కు.

పొదుపు పేరుతో ఎప్పుడూ కోత పెట్టకూడని చోటు కూడా ఇదే. వేసవిలో బోరు ఎండితే ముందు మరుగుదొడ్ల కుళాయి కట్టేయడం అన్ని ఊళ్లలో జరిగేదే. దాంతో దొడ్డి పాడవుతుంది, పిల్లలు తాగడం మానేస్తారు. అక్కడ మిగిల్చిన బకెట్ల లెక్క ఆస్పత్రి చీటీల్లో తేలుతుంది.

మన నేల కింది నీరు

ఇక రాళ్ల సంగతి. మన వైపు నేల కింద గట్టి గ్రానైటు, నైస్ శిలలు. వీటిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంటుంది. నీరు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉన్నకొద్దీ ఫ్లోరైడు అందులోకి కరుగుతుంది. తాతల కాలంలో తాగింది ఊటబావి నీళ్లు. వాన పడ్డప్పుడల్లా అది కొత్త నీటితో కలిసేది. ఇప్పుడు మనం వందల అడుగుల లోతు బోర్లలోంచి, ఎన్నాళ్లుగా రాతిని నానబెట్టి ఉన్నాయో తెలియని నీళ్లు తోడుతున్నాం. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో ఫ్లోరైడు సమస్య పాతదే. దాని కోసమే జపాన్ రుణంతో హొగేనక్కల్ తాగునీటి పథకం కట్టి 2013లో కావేరి నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పథకం పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అన్న మాట ఉంది.

భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉండవచ్చు. వేరే దారి లేకపోతే 1.5 దాకా సహించవచ్చు. అది దాటితే ముందు దెబ్బ పడేది పళ్ల మీద. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల దాకా శాశ్వత దంతాల పైపూత చిగురు లోపలే తయారవుతుంటుంది. ఆ ఏళ్లలో ఎక్కువ ఫ్లోరైడు తాగితే పళ్లు వచ్చేటప్పుడే సుద్దలా తెల్లమచ్చలతో వస్తాయి. ఇంకా ఎక్కువైతే పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. ఎంత తోమినా అవి పోవు. "నువ్వు సరిగా తోముకోవు" అని ఆ పిల్లను ఇంట్లో తిట్టడం, బడిలో తోటివాళ్లు నవ్వడం, దాంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం, ఇదంతా నీళ్ల వల్ల వచ్చిన బాధ. పిల్లలూ, మీ తరగతిలో అలాంటి పళ్లున్న స్నేహితులుంటే అది వాళ్ల మురికి కాదని గుర్తుంచుకోండి. చాలా ఎక్కువ మోతాదు ఏళ్లకేళ్లు తాగితే కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి.

మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. మనుషులకన్నా ముందు దుక్కిటెద్దులు నడవలేకపోవడం రైతుల కంట పడిందని చెబుతారు. నల్గొండ జిల్లా పేరైతే ఒక శుద్ధి పద్ధతికే స్థిరపడిపోయింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగున పేరుకునేలా చేసే పద్ధతిని తయారుచేశారు. దాన్ని నల్గొండ పద్ధతి అంటారు. మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది కాబట్టి ఇంట్లో సొంతంగా పటిక కలిపి చూడకండి.

ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు కాచడం. కాచితే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడు మాత్రం పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు ఇంకొంచెం పెరుగుతుంది కూడా. గుడ్డలో వడగట్టినా, క్యాండిల్ ఫిల్టరు పెట్టినా, అతినీల కాంతి యంత్రం పెట్టినా పోదు. ఆర్‌ఓ యంత్రం తీసేస్తుంది. కానీ మామూలు ఇంటి ఆర్‌ఓ ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఆ వదిలిన నీళ్లలో ఉప్పులు, ఫ్లోరైడు చిక్కబడి ఉంటాయి. అవి మొక్కలకు వద్దు. బకెట్లో పట్టి మరుగుదొడ్డికి, నేల తుడవడానికి వాడండి. క్యాను నీళ్లు కొనేవాళ్లు మూత మీద సీలు, తయారీ తేదీ, ఐ.ఎస్. 14543 ముద్ర చూడండి. ఆ ప్రమాణంలో ఫ్లోరైడు హద్దు 1 మిల్లీగ్రామే.

వంట నీటిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అన్నం ఉడికేటప్పుడు నీళ్లన్నీ మెతుకులోకే పోతాయి. పప్పు, సంగటి కూడా అంతే. తాగడానికి క్యాను, వంటకు బోరు అనే ఇంట్లో ఫ్లోరైడు సమస్య సగమే తీరినట్టు. బడిలో మధ్యాహ్న భోజనం వండే నీళ్లకూ ఇదే వర్తిస్తుంది. కావేరి కుళాయి ఉన్నచోట ఆ నీళ్లను ముందు తాగడానికి, వంటకు కేటాయించాలి.

తిండి వైపు నుంచి మనకొక అదృష్టం ఉంది. సున్నం, అంటే కాల్షియం, కడుపులో ఉంటే ఫ్లోరైడు ఒంట్లోకి ఎక్కడం కొంత తగ్గుతుంది. మన వైపు పండే రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల వరకు కాల్షియం ఉంటుంది. బియ్యంతో పోలికే లేదు. రాగి సంగటి, అంబలి, పెరుగు, మునగాకు, జామ, ఉసిరి ఇవన్నీ ఇంట్లో ఉండేవే. ఇవి మందు కాదు, చెడ్డ నీళ్లకు విరుగుడు అసలే కాదు. తోడ్పాటు మాత్రమే. ఆరేళ్లలోపు పిల్లలకు పేస్టు బఠాణీ గింజంత పెట్టి, మింగకుండా ఉమ్మించండి.

ఒక బడి లెక్క

ఇప్పుడు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పెన్సిలు తీయండి. పెద్దవాళ్లు పక్కన కూర్చోండి.

400 మంది పిల్లలున్న ఒక బడి అనుకుందాం. భవనాలకు నీటి సరఫరా ఎంత ఉండాలో చెప్పే భారత ప్రమాణంలో పగటిపూట నడిచే బడికి తలకు రోజుకు 45 లీటర్లు అని ఉంది. 400ను 45తో గుణిస్తే 18,000 లీటర్లు. ఇందులో ఎక్కువ భాగం మరుగుదొడ్లకు, చేతులు, పళ్లాలు కడగడానికి, శుభ్రానికి. పిల్ల తాగే నీళ్లు లీటరు, తన వంతు వంటకు లీటరు అనుకుంటే తలకు 2 లీటర్లు. అంటే 800 లీటర్లు. మొత్తంలో ఇది ఇరవయ్యో వంతు కూడా కాదు.

బడి పైకప్పు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 200 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుంటే 1,60,000 లీటర్లు. ఆవిరైంది, చిందింది, మొదట పారబోసింది కలిపి అయిదో వంతు తీసేయండి. 1,28,000 లీటర్లు చేతికి వస్తాయి.

ఈ నీళ్లను అన్ని పనులకూ వాడితే ఎన్నాళ్లు? 1,28,000ను 18,000తో భాగించండి. ఏడు రోజులు. వాన నీటి గుంత తవ్వి, దాని పక్కన ఫొటో దిగి, "ఇక మా బడికి నీటి కరువు లేదు" అనేవాళ్లు వెయ్యని భాగహారం ఇదే.

అదే నీళ్లను తాగడానికి, వంటకు మాత్రమే వాడితే? 800తో భాగించండి. 160 రోజులు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదు దాకా ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220. అంటే బడి నడిచే రోజుల్లో మూడింట రెండొంతులకు పైగా. వాన నీరు రాయిని తాకకుండా వస్తుంది కనుక అందులో ఫ్లోరైడు దాదాపు ఉండదు.

బోరు నీటిలో ఫ్లోరైడు 2 మిల్లీగ్రాములు ఉందనుకోండి. దానికి సమంగా వాన నీళ్లు కలిపితే 1కి దిగుతుంది. మూడు పాళ్ల వాన నీటికి ఒక పాలు బోరు నీరు కలిపితే 0.5. ఇలా కలపడం కూడా అంగీకరించిన పద్ధతే. కలిపాక పరీక్ష చేయించుకోవాలి, అంతే.

కాబట్టి మేం చెప్పేది నీటిని వేరు చెయ్యమని. వంటింటికీ తాగే కుళాయికీ ఒక గొట్టం, మరుగుదొడ్డికీ తోటకూ ఇంకో గొట్టం. చేతులు కడిగిన నీళ్లు కాలువలోకి కాకుండా అరటి, మెట్టతామర మొక్కల మడికి. ఇల్లు కట్టుకునేవాళ్లు కూడా గొట్టాలు వేసేటప్పుడే ఈ పని చేయించుకుంటే ఖర్చు తక్కువ. గోడలు పూసిన తర్వాత పగలగొట్టాలంటే ఎవరికీ మనసొప్పదు.

ఒక ఇబ్బంది మాత్రం దాచకూడదు. వాన ఏడాది పొడవునా పడదు. నెల రోజులకు 800 చొప్పున 24,000 లీటర్లు దాచాలంటే 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు తొట్టి కావాలి. అది ఒక చిన్న గదంత. దానికి డబ్బు కావాలి, చోటు కావాలి. తొట్టి చిన్నదైతే వచ్చిన నీళ్లు పొర్లిపోతాయి, 160 రోజులు అన్నది కాగితం మీదే మిగులుతుంది. పొర్లే నీటిని ఇంకుడు గుంతలోకి, వీలైతే ఎండిన పాత బావిలోకి మళ్లించాలి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి. చాలా ఇళ్లలో అప్పుడు పెట్టిన గొట్టం ఇప్పటికీ గోడకు ఉంటుంది. కింది కొస మట్టిలో పూడిపోయి ఉంటుంది. ఈ ఆదివారం వెళ్లి మీ ఇంటిది చూడండి.

వాన నీటితో జాగ్రత్తలు

వాన నీళ్లు ఆకాశం నుంచి వచ్చాయి కాబట్టి పరిశుభ్రం అనుకోకూడదు. అవి మన పైకప్పు మీది పావురాల రెట్ట, ఆకులు, దుమ్ము కడుక్కుని వస్తాయి. ప్రతి వానలో మొదటి 2 మిల్లీమీటర్లను, మన లెక్కలో 400 లీటర్లను, బయటికి వదిలేయాలి. తర్వాతి నీళ్లను ఇసుక, కంకర వడపోత గుండా తొట్టిలోకి పంపాలి. తాగే ముందు క్లోరిన్ కలపాలి లేదా కాచాలి. క్లోరిన్ కలిపాక అరగంట ఆగి చూస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము మిగిలి ఉండాలి. బ్లీచింగ్ పొడి ఎంత వెయ్యాలో ఆరోగ్య సిబ్బంది చెప్పినట్టే వెయ్యండి. డబ్బా పాతదైతే అందులో బలం ఉండదు.

తొట్టికి మూత, గొట్టం నోటికి సన్నని జాలీ. ఇది మాత్రం మరిచిపోవద్దు. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. ప్రకృతిని కాపాడదామని పెట్టిన తొట్టి వల్ల పిల్లలు జ్వరంతో పడుకోవడం ఎవరికీ వద్దు. వారానికోసారి పూలకుండీల కింది పళ్లాలు, పాత టైర్లు, ఫ్రిజ్ వెనక ట్రే వంచి పారబోయండి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే పెద్దవాళ్లకన్నా శ్రద్ధగా చేస్తారు. పురుగు కనిపిస్తే వాళ్లకు పండగే.

సీసాల గురించి నాలుగు మాటలు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి నీళ్ల ప్యాకెట్లతో సహా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని నిషేధించారు. స్టీలు సీసా కొంటే మూతలోని రబ్బరు ఉంగరం తీసి రోజూ కడగండి, నాచు అక్కడే పడుతుంది. రాగి సీసాలో మజ్జిగ, నిమ్మనీళ్లు పొయ్యకండి, పులుపుకు రాగి కరుగుతుంది. కూల్‌డ్రింకు తాగి పారేసిన సీసాను నెలల తరబడి నీళ్లకు వాడటం మానేయండి.

పాఠాల్లోకి నీరు

కొత్త పుస్తకం, కొత్త పీరియడు అక్కర్లేదు. పైన వేసిన లెక్క గణితమే. కారే కుళాయి కింద గ్లాసు పెట్టి ఎంతసేపట్లో నిండిందో చూసి రోజుకు ఎంత పోతుందో కట్టమంటే అయిదో తరగతి పిల్లలు కట్టేస్తారు. సెకనుకు ఒక చుక్క కారినా రోజుకు దాదాపు 20 లీటర్లు పోతాయి. నిట్టనిలువు డబ్బాకు స్కేలు అంటించి వాన కొలిచి, నోటీసు బోర్డు మీద రోజూ రాయవచ్చు. విజ్ఞానంలో ఫ్లోరైడు, భూగోళంలో దక్షిణ పినాకిని. నంది కొండల్లో పుట్టి, బెంగళూరు పక్కగా వచ్చి, మన కెలవరపల్లి డ్యాం చేరేసరికి కొన్నిసార్లు ఆ నది నురగలు కక్కుతూ ఉంటుంది. పత్రికల్లో ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. పైనున్న నగరం వదిలిన మురుగు కింది ఊరికి ఏమవుతుందో పాఠం చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

తెలుగు పీరియడుకు కూడా పని ఉంది. అవ్వను, తాతను కూర్చోబెట్టుకుని, వాళ్ల చిన్నప్పుడు నీళ్లెక్కడివి అని అడిగి రాసుకురండి. ఏతాం, కపిలి, మోట, చేద, గిలక, దిగుడుబావి, కుంట, తూము, అలుగు... ఒక్కో మాటకు ఒక్కో పని ఉండేది. మోటారు మీట నొక్కడం వచ్చాక ఆ పనులు పోయాయి, మాటలూ పోతున్నాయి. తూమును కన్నడం వాళ్లు తూబు అంటారు, తమిళంలో తూంబు అన్న మాట ఉంది. చెరువు అక్కడ కెరె, ఇక్కడ ఏరి. మూడు భాషల మధ్య బతికే మన పిల్లలకు ఈ మాటల పట్టిక తయారు చెయ్యడం మహా సరదా. దానికి ఉపయోగం కూడా ఉంది. నీటి పరీక్ష కాగితం తమిళంలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. ఇంట్లో దాన్ని చదివి అమ్మకు తెలుగులో చెప్పగలిగే పిల్ల ఉంటే ఆ ఇంటి నీళ్ల సంగతి ఆ ఇంటికి తెలుస్తుంది.

పరీక్షకు నీళ్లు పట్టే పద్ధతి

తమిళనాడు నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డుకు జిల్లాల్లో పరీక్షశాలలు ఉన్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద పంచాయతీలకు చిన్న పరీక్ష పెట్టెలు ఇచ్చి, ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు వాటిని వాడటం నేర్పించాలన్న ఏర్పాటు కూడా ఉంది. ముందు మీ పంచాయతీలో అడగండి. పెట్టెలో రంగు చూసి చెప్పేది అంచనా మాత్రమే. 1.5 దగ్గర తేలితే పరీక్షశాలకు పంపండి.

ఫ్లోరైడు పరీక్షకు గాజు సీసా వద్దు, శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ క్యాను చాలు. సబ్బుతో కడగకుండా, పరీక్షించే నీళ్లతోనే మూడుసార్లు తొలిచి పారబోయండి. మోటారు వేసి అయిదు నిమిషాలు నీళ్లు వదిలిన తర్వాత బోరు దగ్గరే పట్టండి, మిద్దె మీది ట్యాంకు నుంచి కాదు. క్రిముల పరీక్ష వేరు. దానికి పరీక్షశాల వాళ్లే క్రిమిరహితం చేసిన సీసా ఇస్తారు. క్యాను మీద ఊరు, వీధి, బోరు లోతు, తేదీ రాసి అతికించండి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి చేయిస్తే తేడా తెలుస్తుంది.

కాగితం చేతికి వచ్చాక మొదట "ఫ్లోరైడు" వరస చూడండి, తర్వాత "నైట్రేటు", దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. తర్వాత మొత్తం కరిగిన లవణాలు, హద్దు 500, వేరే దారి లేనప్పుడు 2,000. అంకెలు అర్థం కాకపోతే కాగితాన్ని పిల్లల సంచిలో పెట్టి పంపండి, విజ్ఞానం టీచరు తరగతిలో అందరితో కలిసి చదివిస్తారు. పేరు, ఇంటి నంబరు మీద తెల్లకాగితం అతికించి పంపితే చాలు.